మూడో పిలుపు

రోజు 1
గొంతు: బాగుంది. దగ్గు: లేదు. తిన్నది: చోడి అంబలి, నంజుకోడానికి పచ్చిమిరపకాయ.
ఇతర విషయాలు:

దీన్ని గొంతు పుస్తకం అంటారట. నీటి కచేరీలో గొంతు ఉద్యోగం చేసేవాళ్ళు రోజూ రాయాలి. ఏం తిన్నాం, గొంతు బొంగురుపోయిందా, దగ్గు వచ్చిందా, అంతే. ఆ కింద ‘ఇతర విషయాలు’ అని ముప్పావు పేజీ ఖాళీ వదిలారు. ఇంత ఖాళీ ఎందుకండీ అని అడిగితే, “అక్కడ ఎవరూ ఏమీ రాయరమ్మా, రాసినా ఎవరూ చదవరు” అని కాదంబరి మేడమ్ నవ్వింది. ఆవిడే నా పై అధికారి. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అందుకని నేను రాస్తాను.

నా పేరు నూకరత్నం. మాది పల్లంలో పడవచెక్కల వీధి. సముద్రం పాత ఊళ్ళోకి వచ్చేశాక మా తాతలు పడవలు విప్పి ఆ చెక్కలతోనే ఇళ్ళు కట్టుకున్నారు. నూట నలభై గడపలు, ఒక్కటే కుళాయి. మెరక మీద కర్మాగారంలో ఉప్పు తీసిన నీళ్ళు పొద్దున రెండు గంటలు వదులుతారు. ఆ కుళాయి దగ్గర పదకొండేళ్ళుగా వరస పిలిచే మనిషిని నేనే.

వరస పిలవడం అంటే ఇది. ఉత్త పేరుతో పిలవకూడదు, చుట్టరికం కలిపి పిలవాలి. అప్పా, మావా, ఒదినా, అని. మొదటి పిలుపు మామూలుగా. రెండో పిలుపు గట్టిగా. మూడో పిలుపు తిట్టుతో. మూడో పిలుపుకి కూడా మనిషి రాలేదంటే ఆ ఇంట్లో ఏదో అయిందన్నమాట. వరసలో ముందున్న నలుగురు బిందెలు అక్కడే వదిలి పరిగెత్తి వెళ్ళి తలుపు తోసి చూడాలి. పదకొండేళ్ళలో అలా ముగ్గురిని బతికించుకున్నాం. అందుకే నా తిట్టంటే మా వీధిలో అందరికీ ఇష్టం.

ఈ ఉద్యోగం ఎందుకు పుట్టిందో కూడా రాస్తాను. వీధి వీధికీ ఒక కంబం పాతి, నీళ్ళ కబుర్లు దానిచేత చెప్పించారు. అది మిషను గొంతుతో మాట్లాడింది. జనానికి ఒళ్ళు మండి రోకళ్ళతో విరగ్గొట్టారు. అప్పటినుంచి ఏ వీధి కంబం ఆ వీధి మనిషి గొంతుతోనే మాట్లాడాలని చట్టం. కంబం మూగబోయిన వీధికి నీళ్ళు ఆపకూడదు, వేళ మార్చకూడదు.

నలభై రోజులు చూసుకుంటారు. అప్పటిదాకా నేను నిజంగా పలికిన మాటల్నే మిషను కోసి, అతికించి వాడుకోవాలి. నలభయ్యో రోజు వేలిముద్ర వేస్తే, నేను పలకని మాట కూడా నా గొంతుతో పలకొచ్చు, కంబం నిలబడి ఉన్నంతకాలం. ఆలోపు మానేస్తే అంతా తుడిచేస్తారు. ఇవన్నీ చదివే ఒప్పుకున్నాను. ఉద్యోగంతోపాటు మెరక మీద ఇల్లు, ఇంట్లో సొంత కుళాయి. నిజం చెప్పాలంటే నాకు ఆ కుళాయి తప్ప ఇంకేమీ కనిపించలేదు.

రోజు 3
గొంతు: బాగుంది. దగ్గు: లేదు. తిన్నది: కచేరీవాళ్ళ పెరుగన్నం. కారం, పచ్చడి, పులుపు నిషేధం అట. నా మొహంలా ఉంది.
ఇతర విషయాలు:

గోడలకు కంబళ్ళు కట్టిన గదిలో కూర్చోబెట్టి “మామూలుగా మాట్లాడమ్మా” అన్నారు. కంబళితో ఏం మాట్లాడతాం? సరే అని కళ్ళు మూసుకుని కుళాయి దగ్గర నిలబడ్డట్టు అనుకున్నాను. ఇక ఆగలేదు. నూట నలభై గడపలూ పిలిచాను. ఒక్కో గడపకీ మూడు పిలుపులు. పోలమ్మప్ప మోకాలి నొప్పి అడిగాను. సత్తిబాబు మావకి కల్లు తగ్గించమని చెప్పాను. మూడో పిలుపు దగ్గర ఎవరి తిట్టు వాళ్ళకే, నాకు నోటికి వచ్చినవన్నీ.

బయటికొచ్చేసరికి కాదంబరి మేడమ్ చప్పట్లు కొట్టింది. “ఇంతవరకూ ఎవరూ ఇంత ఇవ్వలేదు, రత్నం గారూ” అంది. ‘గారు’ అనిపించుకునేసరికి ఉబ్బిపోయాను. మా ఇంటికెళ్ళి ఆయనకి రెండుసార్లు చెప్పాను.

రోజు 6
గొంతు: బాగుంది. తిన్నది: మళ్ళీ పెరుగన్నమే.
ఇతర విషయాలు:

మా ఆయన ఎర్నాయుడు ఉప్పు మళ్ళలో పని చేస్తాడు. పల్లంలో స్నానానికి సముద్రపు నీళ్ళే గతి. మెరక ఇంట్లో ఈ ఆరు రోజుల్లో పదమూడు స్నానాలు చేశాడు. లెక్కపెట్టాను. కుళాయి తిప్పుతాడు, కట్టేస్తాడు, మళ్ళీ తిప్పుతాడు.

“ఏటయ్యా, దానితో ఆటలా?” అన్నాను.

“ఒస్తన్నాదో నేదో సూస్తన్నానే” అన్నాడు.

పొద్దున కంబం మొదటిసారి నా గొంతుతో వరస పిలిచిందట. వీధంతా నవ్వుకున్నారట. నూకరత్నం కంబం ఎక్కేసిందని పోలమ్మప్ప ఎవరితోనో చెప్పి పంపింది. పోలమ్మప్ప నాకు సొంత అక్క కాదు. మా పక్క గడప. కానీ నాకు వంట నేర్పింది ఆవిడే, తిట్లు నేర్పింది కూడా ఆవిడే.

రోజు 9
గొంతు: పిల్లి గొంతులా ఉంది. తిన్నది: అడక్కండి.
ఇతర విషయాలు:

ఈ ఉద్యోగం నాకు నచ్చలేదు. రాస్తున్నాను, ఎవరైనా చదివితే చదువుకోండి.

పొద్దున్నే వచ్చి కంబళి గదిలో కూర్చోవాలి. ఒక చీటీ ఇస్తారు. ‘సాయంత్రం.’ ‘రేపు.’ ‘పావుగంట.’ ‘ఓపిక పట్టండి.’ ఒక్కో మాటా ఇరవైసార్లు పలకాలి. నవ్వుతూ ఒకసారి, బాధగా ఒకసారి. మనిషి ఎదురుగా లేకుండా ‘ఓపిక పట్టండి’ అని ఇరవైసార్లు అంటే ఆ మాట నోట్లో పీచులా తయారవుతుంది. మధ్యలో తేనె నీళ్ళు. మిరపకాయ వాసన తగలక ముక్కు కూడా మొద్దుబారింది.

పక్క గదిలో దాలినాయుడని ఒకాయన. వలగూళ్ళ వీధికి పన్నెండేళ్ళుగా గొంతు ఆయనదే. పలక మీద రాసి చూపిస్తాడు తప్ప నోరు విప్పడు. గొంతు పాడైందా బావూ అని అడిగాను. తల అడ్డంగా ఊపి రాశాడు: ‘గొంతు బాగానే ఉంది. ఇంట్లో మాట్లాడితే మా ఆవిడ కంబం కట్టెయ్ అంటుంది. అందుకని మానేశాను.’

నేను పడీపడీ నవ్వాను. ఆయన నవ్వలేదు.

రోజు 14
గొంతు: బాగుంది, ఏం లాభం.
ఇతర విషయాలు:

నిన్న పొద్దున మా వీధి కుళాయి రాలేదు. కర్మాగారంలో ఏదో విరిగిందట. విరిగిందని చెప్పొచ్చు కదా. చెప్పలేదు. కంబం ఇలా అందట: “పోలమ్మప్పా, నీ మోకాలు ఎలగుంది? నీళ్ళు సాయంత్రం. ఓపిక పట్టండి.” మోకాలి మాట నేను మూడో రోజు పలికింది. ‘సాయంత్రం’ తొమ్మిదో రోజుది. మొత్తం కలిపి కుట్టేశారు. జనం సాయంత్రం దాకా ఎండలో బిందెలతో నిలబడ్డారు. నీళ్ళు రాలేదు. కంబం ‘రేపు’ అంది. రేపు అంటే ఈరోజు. ఈరోజు సగం బిందెలు నిండకముందే ఆగిపోయాయి.

కాదంబరి మేడమ్‌ని అడిగాను. “మా వాళ్ళతో అబద్ధం ఎందుకు చెప్పించారండీ?”

“నిజం చెబితే రోకళ్ళు పట్టుకొస్తారమ్మా. నీ గొంతు విన్నారు కాబట్టి రోజంతా నిలబడ్డారు. నీ మీద వాళ్ళకి అంత నమ్మకం ఉంది. అది చిన్న విషయమా?” అంది.

మెచ్చుకుంటోందో తిడుతోందో అర్థం కాలేదు. ఆవిడ టేబిలు మీద ఉన్న తేనె నీళ్ళు ఆవిడ చీర మీదే పోయాలనిపించింది. పొయ్యలేదు. ఇప్పుడు పోసి ఉంటే బాగుండుననిపిస్తోంది.

రోజు 19
గొంతు: బాగుంది. కాళ్ళు మండుతున్నాయి.
ఇతర విషయాలు:

సెలవు. పల్లానికి వెళ్ళాను. వీధి మొదట్లోనే ఎవరో నా కాళ్ళ మీద ఉప్పునీళ్ళు గుమ్మరించారు. ఎవరో తెలుసు, పేరు రాయను. తప్పు వాళ్ళది కాదు.

పోలమ్మప్ప గుమ్మంలో కూర్చుని చేపలు చీలుస్తోంది. నన్ను చూసి కూడా తలెత్తలేదు. “అప్పా” అన్నాను. ఆవిడ మెడ గిర్రున కంబం వైపు తిరిగింది. పిలిచింది నేనని తెలియడానికి ఒక క్షణం పట్టింది.

“నువ్వేటి?” అంది. “అదేటో అనుకున్నాను. రోజుకి నాలుగుసార్లు నా మోకాలెలగుందని అడగతాది. ఒకనాడైనా నీళ్ళిచ్చినాదా?”

“అది నేను కాదప్పా.”

“మరి నీ గొంతెందుకున్నాదే దానికి?”

తిట్టైనా తిట్టలేదు ఆవిడ. చేపల బుట్ట తీసుకుని లోపలికి వెళ్ళిపోయి తలుపేసుకుంది.

రోజు 23
గొంతు: అరిచి అరిచి కొంచెం బొంగురు.
ఇతర విషయాలు:

మానేస్తానని మా ఆయనతో చెప్పాను. పెద్ద గొడవ.

“ఎలగ మానేస్తావే? ఇలగ సూడు” అని రెండు చేతులూ నా మొహం ముందు పెట్టాడు. పెళ్ళయిన నాటినుంచి ఆ చేతుల మీద ఉప్పు పుళ్ళు. పగుళ్ళలో నుంచి నీరు కారేది, అన్నం కలుపుకోలేక చెంచాతో తినేవాడు. ఇప్పుడు తోలు మూసుకుంది. గులాబిగా, పసిపిల్లల చేతుల్లా ఉన్నాయి. “ఇరవై రోజుల్లో మానిపోనాయి. మంచినీళ్ళతో కడిగితే సాలు. మళ్ళీ ఆ ఉప్పునీళ్ళలోకి తోసేస్తావా నన్ను?”

“నా గొంతుతో జనాన్ని మోసం సేస్తన్నారయ్యా.”

“నువ్వు సేస్తన్నావా? మిషను సేస్తన్నాది. నీకేటి?”

నేను కూడా గట్టిగానే అరిచాను. నీ స్నానాల కోసం నేను ఊరందరిచేతా ఛీ అనిపించుకోవాలా అన్నాను. అన్నాక ఆ చేతుల వైపు చూశాను. ఆయన కుళాయి తిప్పి కడుక్కుంటూ నిలబడ్డాడు, కడుక్కోడానికి ఏమీ లేకపోయినా.

కాబట్టి మానలేదు. పదిహేడు రోజులుంది కదా, చూద్దాం అనుకున్నాను. నేను పిరికిదాన్నని ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా ఒప్పుకోను.

రోజు 27
గొంతు: బాగుంది. బాగున్నందుకు దాన్ని పీక నొక్కి చంపాలని ఉంది.
ఇతర విషయాలు:

కచేరీవాళ్ళు పల్లంలో మనుషుల్ని లెక్కపెట్టడానికి వెళ్ళారు. అందరూ బయటికి రావాలి. మామూలుగా పిలిస్తే రారని, మూడో పిలుపు వాడారు. నూట నలభై గడపలకూ నా తిట్లు, ఒకదాని వెనక ఒకటి.

వీధంతా పరుగులు పెట్టారట. ఎవరింట్లో ఏమైందో తెలీదు, అన్ని ఇళ్ళకూ మూడో పిలుపు పడింది కాబట్టి ఒకళ్ళ తలుపు ఒకళ్ళు తోసుకున్నారు. ఒకావిడ గుమ్మం దగ్గర పడి పళ్ళు రాలగొట్టుకుంది. అందరూ క్షేమంగానే ఉన్నారని తేలాక, కచేరీ మనిషి వచ్చి లెక్క రాసుకున్నాడట. మర్నాడు లెక్కలో కొందరు తప్పిపోయారని మళ్ళీ అదే పని చేశారు. మూడో రోజు మళ్ళీ. మూడో రోజు ఎవరూ పరిగెత్తలేదట.

ఇదంతా నాకు కాదంబరి మేడమే చెప్పింది. పని త్వరగా అయిపోయిందన్న సంతోషంతో చెప్పింది. మూడో పిలుపు అంటే ఏమిటో వివరంగా చెప్పాను. ఆవిడ విని, “అయ్యో, చక్కటి ఆచారం” అంది. చక్కటి ఆచారమట! ఆవిడ నోట్లో పెరుగన్నం కుక్కాలి.

రోజు 31
గొంతు: రాయడం లేదు.
ఇతర విషయాలు:

సత్తిబాబు మావ పడిపోయాడు.

మా ఆయనకు మేనమామ. ఒంటరి మనిషి. నిన్న పొద్దున నీళ్ళు వచ్చాయి. కంబం వరస పిలిచింది. మావ రాలేదు. రెండోసారి పిలిచింది. మూడోసారి తిట్టింది. వరసలో నూట ముప్పై ఎనిమిది బిందెలున్నాయి. ఒక్కరూ కదల్లేదు. కంబం తర్వాతి గడప పిలిచింది, తర్వాతివాళ్ళు బిందె పెట్టారు. మధ్యాహ్నం ఎవరో కత్తి అడిగి తెచ్చుకోడానికి వెళ్ళి తలుపు తోస్తే, మావ పెరట్లో తుంటి విరిగి పడున్నాడు. నాలుగు గంటలు అలాగే ఉన్నాడు.

వైద్యశాలకు వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అలాగే ఉండి మాట్లాడాడు.

“నీ తిట్టు ఇన్నానమ్మా. మూడోది. ‘తాగుబోతు మావా, లేస్తావా లేపమంటావా’ అన్నావు. ఒచ్చేస్తారులే అనుకున్నాను. అడుగుల సప్పుడు కోసం సూసినాను. ఎవులూ రానేదు.”

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఏడుపు కూడా గట్టిగా ఏడవలేకపోయాను. పక్క మంచం మీద ఉన్న మా వీధివాళ్ళు నా గొంతు విని లేచి కూర్చున్నారు, నీళ్ళు వచ్చాయేమోనని.

రోజు 34
గొంతు: బొంగురు. తిన్నది: గొడ్డుకారం, మూడు ముద్దలు. ఆవకాయ టెంక ఒకటి. కావాలనే.
ఇతర విషయాలు:

నిన్న ఇచ్చిన చీటీలో కొత్త మాటలున్నాయి. ‘ఇకమీదట.’ ‘కొత్త చోటు.’ ‘సామాన్లు సర్దుకోండి.’ చివర్న ‘నా మీద ఒట్టు.’

నేను ఎప్పుడూ ఒట్టు పెట్టలేదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా అవసరం రాలేదు. ఇదేంటని దాలినాయుడికి చూపించాను. ఆయన చీటీ చదివి పలక తుడిచి, కొత్తగా రాశాడు.

‘మా వీధికీ ఇదే చీటీ వచ్చింది. మంచి చోటుకి పంపుతామని చెప్పించారు. నా మీద ఒట్టు అన్నాను. నమ్మి వెళ్ళారు. అక్కడ నీళ్ళు లేవు. వెనక్కి వచ్చేసరికి ఇక్కడి గొట్టం పీకేశారు. ఎటు పోయారో తెలీదు.’

“మరి నీ కంబం?”

‘వేలిముద్ర వేశాను కదా. ఉంది. ఇంకా పిలుస్తోంది.’

“ఎవర్ని?”

ఆయన పలక తిప్పి పెట్టేశాడు. నేను వెంటనే కచేరీ మెట్ల కింద టీ కొట్టుకు వెళ్ళి కారం కొనుక్కొచ్చుకుని తిన్నాను. ఈరోజు నోరు తెరిస్తే రంపం కోతలా వచ్చింది. కాదంబరి మేడమ్‌కి కోపం వచ్చింది కానీ పైకి చూపించలేదు.

“ఆరు రోజులే కదమ్మా. నలభయ్యో రోజు వేలిముద్ర పడ్డాక నువ్వు పలకక్కర్లేదు. ఈలోపు గొంతుకి విశ్రాంతి ఇవ్వు” అంది.

రోజు 36
గొంతు: బొంగురు.
ఇతర విషయాలు:

సెలవు పెట్టి పల్లం వెళ్ళాను. వీధి మధ్యలో నిలబడి చెప్పాను. గొట్టం పీకేస్తారు, మిమ్మల్ని ఎక్కడికో తోలేస్తారు, వెళ్ళకండి, కంబం ఏం చెప్పినా నమ్మకండి అని. బొంగురు గొంతుతో అరిచాను. కొందరు తలుపులేసుకున్నారు. కొందరు చేతులు కట్టుకుని చూశారు.

పోలమ్మప్ప ముందుకొచ్చింది. “మొన్న సాయంత్రం నీళ్ళన్నావు. నిన్న రేపన్నావు. అన్ని గడపలకీ మూడో పిలుపెట్టినావు. సత్తిబాబు తుంటిరిగినాది. ఇయ్యాల ఎల్లొద్దంతన్నావు. ఏది నమ్మాలి?”

“ఇది నేనప్పా! కంబం కాదు. ఇలగ సూడు, నేను!”

“నీ నోటంట ఏటొచ్చినా మాకు కంబమే, సెల్లీ. పొద్దున్న ఎక్కడ నీళ్ళు తాగినావు?”

మెరక మీద, మా సొంత కుళాయిలో తాగాను. ఆ మాట పైకి అనలేదు. అనక్కర్లేదు, ఆవిడకు తెలుసు.

“ఈ వరసలో బిందెట్టిననాడు సెప్పు, ఇంతాను” అని వెనక్కి తిరిగింది.

రోజు 38
గొంతు: బొంగురు. కారం అయిపోతే మళ్ళీ కొన్నాను.
ఇతర విషయాలు:

మానేస్తానని కాదంబరి మేడమ్‌తో చెప్పాను. ఆవిడ కుర్చీ జరుపుకుని కూర్చుంది. అరుస్తుందేమో, నేను కూడా రెండు అరవొచ్చు అనుకున్నాను. అరవలేదు.

“మానెయ్యి. నీ గొంతు తుడిచేస్తాం. కొన్నాళ్ళు ఆ కంబం మూగగా ఉంటుంది. కొన్నాళ్ళు నీళ్ళు ఆపలేం. ఆ తర్వాత మీ వీధిలోనే ఇంకొకరు వస్తారు. కుళాయి చూపిస్తే ఎవరైనా వస్తారమ్మా. నువ్వు రాలేదా?”

ఇన్ని రోజుల్లో ఆవిడ చెప్పిన ఒకే ఒక్క నిజం అది. చెంప మీద కొట్టినట్టయింది. నేను వచ్చాను. ఎవరూ నన్ను తోసుకురాలేదు.

ఇంటికి వచ్చి మా ఆయన ముందు కూర్చుని ఇదంతా చెప్పాను. ఆవిడ అన్నది నిజమే కదా, నేను మానేసినా ఇంకొకరు వస్తారు కదా, ఇక మానడం దేనికి అని అడిగాను. ఆయన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు చెప్పకుండా రెండుసార్లు సత్తిబాబు మావ దగ్గరికి వెళ్ళొచ్చాడట, అప్పుడు బయటపెట్టాడు.

“మావ పొద్దున్న లెగిసినకాడినుంచి తలుపుకేసే సూస్తాడే. అడుగుల సప్పుడైతే సాలు, ఉలిక్కిపడతాడు” అన్నాడు. నా వైపు తిరిగి, “ఇంకొకలొస్తే రానీ. ఆలకి నువ్వే ఎదురుగా నిలబడి సెప్పుదువు, ఈ ఉజ్జోగం ఏటో. నువ్వు కాకపోతే ఎవులు సెప్తారు?” అన్నాడు.

“మరి నీ చేతులు?”

“ఏటి సేతులు? పుండయితే సెంచా ఉన్నాది కదేటి” అని లేచి వెళ్ళి కుళాయి కట్టేశాడు. ఆ కుళాయి కారడం లేదు అసలు.

రోజు 40
గొంతు: బొంగురు. తిన్నది: పస్తు.
ఇతర విషయాలు:

వేలిముద్ర వెయ్యలేదు.

చట్ట ప్రకారం తుడిచేటప్పుడు ఆ మనిషి ఎదురుగా ఉండి వినాలి. ఒక్కో మాటా చివరిసారి పలికి పోతుంది. కంబళి గదిలో కూర్చుని నన్ను నేను విన్నాను. ‘రేపు’ ఇరవైసార్లు. ‘ఓపిక పట్టండి’ ఇరవైసార్లు. వాటికి నా కళ్ళలో తడి లేదు. ఆ తర్వాత నూట నలభై గడపలు మొదలయ్యాయి. మూడో రోజు నేను ఎంత సంతోషంగా ఉన్నానో ఆ గొంతులో తెలుస్తోంది. సత్తిబాబు మావ దగ్గరికి వచ్చేసరికి చెవులు మూసుకున్నాను. గుమాస్తా వచ్చి, చెవులు మూసుకుంటే లెక్కకు రాదమ్మా, వినాలి అన్నాడు. వాడికి నా బొంగురు గొంతుతోనే నాలుగు అంటించి, విన్నాను.

బయటికొస్తుంటే దాలినాయుడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పలక లేదు చేతిలో. పెదవులు కదిలాయి. “ఎల్లు తల్లీ” అన్నాడు. చక్కటి గొంతు.

ఈ పుస్తకం తిరిగి ఇచ్చెయ్యాలట. ఇవ్వలేదు. ఎవరూ చదవరన్నారు కదా.

రోజు 41
గొంతు: గరగర. తిన్నది: రాత్రి మా ఆయన వండిన గంజి, చేపల కారం.
ఇతర విషయాలు:

నిన్న మధ్యాహ్నానికి పడవచెక్కల వీధికి వచ్చేశాం. ఇంట్లో ఇసుక పేరుకుపోయింది. ఊడ్చుకున్నాను. ఎవరూ పలకరించలేదు. సాయంత్రం కచేరీ మనిషి వీధి మొదట్లో నిలబడి, కొత్త గొంతు కావాలి, మెరక మీద ఇల్లు, సొంత కుళాయి అని చాటింపు వేశాడు. నేను గుమ్మంలోనే నిలబడి, దాలినాయుడు పలక మీద రాసిందంతా గట్టిగా చెప్పాను. ఎవరూ ముందుకు రాలేదు. నా మాట విన్నారో, లేక నా ముందు రాలేకపోయారో తెలియదు. వాడు మళ్ళీ వస్తాడు. ఆ కుళాయి ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి భయంగానే ఉంది.

పొద్దున కంబం మూగగా ఉంది. నీళ్ళు వేళకే వచ్చాయి. మా ఆయన చీకటితోనే ఉప్పు మళ్ళకు వెళ్ళాడు, చేతులకు గుడ్డలు చుట్టుకుని. నేను బిందె కడిగాను, గుమ్మం దాకా వచ్చాను, మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపేసుకుని కూర్చున్నాను. అందరి ముందూ ఆ వరసలో చివర నిలబడడానికి కాళ్ళు రాలేదు. సాయంత్రం ఎవరూ లేనప్పుడు పక్కవీధికి పోయి అడుక్కుందాం అనుకున్నాను.

కుళాయి దగ్గర పోలమ్మప్ప వరస పిలుస్తోంది. ఆవిడకు వరస సరిగ్గా గుర్తులేదు, ఒకళ్ళని వదిలేస్తుంది, వెనక్కి వస్తుంది, జనం సరిదిద్దుతారు. నాకైతే ఒళ్ళు మండింది. లోపలినుంచే, అలగ కాదప్పా, ముందు గవరయ్య బాబాయి అని గొణిగాను. అలా నూట ముప్పై ఎనిమిది గడపలు లెక్కపెట్టుకున్నాను. మావ గడపకి ఎవరో బిందె పట్టుకెళ్తామన్నారు. వరస అయిపోయింది. ఇక గొట్టం మీద మూత పెడతారు అనుకున్నాను.

“సెల్లీ” అంది పోలమ్మప్ప. మామూలుగా.

ఎవర్నో అనుకున్నాను. ఆ వీధిలో ఆవిడకు చెల్లెళ్ళు చాలామంది.

“సెల్లీ, నీ బిందె!” ఈసారి గట్టిగా.

బిందె నా చేతిలోనే ఉంది. లేవాలనుకున్నాను. లేవలేకపోయాను. నోరు తెరిస్తే ఆ గొంతు విని వీధంతా మళ్ళీ కంబం వైపు చూస్తుందేమోనని పలకలేదు కూడా. బయట సద్దు లేదు. నీళ్ళు నేల మీద పడుతున్న చప్పుడొక్కటే.

“ఒసే కంబమెక్కిన మొహమా! కాళ్ళిరిగినాయేటే నీకు? బిందట్టుకొస్తావా, ఆ బిందెతోనే నీ నెత్తి పగలగొట్టమంతావా!”

పదకొండేళ్ళు పిలిచాను కానీ మూడో పిలుపు నామీద ఎప్పుడూ పడలేదు. బిందె ఒళ్ళో పెట్టుకుని చెవులు రిక్కించి కూర్చున్నాను. మావ విన్నట్టే విన్నాను.

వీధిలో బిందెలు కింద పెడుతున్న చప్పుడైంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ తర్వాత మా తలుపు వైపు అడుగులు, పరుగు మీద.